గుండె ఆపరేషన్ గదిలో నీళ్ల యంత్రం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గుండె ఆపరేషన్ చేయించుకోబోతున్నవాళ్లు, చేయించుకుని కొన్నేళ్లయినవాళ్లు, థియేటర్లలో పనిచేసేవాళ్లు రాసిన ఉత్తరాల్లోంచి కొన్నిటిని ఈసారి ఎంచుకున్నాం. అందరి అనుమానం ఒకటే: ప్రాణం నిలబెట్టే యంత్రాల నుంచే ఇన్‌ఫెక్షన్ వస్తుందా? వస్తుంది, చాలా అరుదుగా. ఎలా వస్తుందో తెలిసినవాళ్లు దాన్ని చాలావరకు ఆపగలరు. ఆపలేకపోయినా, త్వరగా పట్టుకోగలరు.

ప్రశ్న: మా అమ్మకి వచ్చే నెలలో మైట్రల్ వాల్వ్ మార్చే ఆపరేషన్ ఉంది. థియేటర్లో ఉండే ఒక నీళ్ల యంత్రం వల్ల ఇన్‌ఫెక్షన్ వస్తుందని చదివాను. సర్జన్ గారిని అడిగితే ఆ నీళ్లు రక్తంలో కలవవు అన్నారు. కలవకుండా ఇన్‌ఫెక్షన్ ఎలా వస్తుంది? ఆపరేషన్ వాయిదా వేసుకోమంటారా?

జవాబు: సర్జన్ గారు చెప్పింది నిజం. నీళ్లు రక్తాన్ని తాకవు. ఇన్‌ఫెక్షన్ గాలి ద్వారా వస్తుంది.

గుండెను ఆపి ఆపరేషన్ చేస్తున్నంతసేపూ రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి, మళ్లీ ఒంట్లోకి పంపే పని హార్ట్-లంగ్ మెషిన్‌ది. అలా బయట తిరిగే రక్తాన్ని అవసరాన్ని బట్టి చల్లబరచాలి, పని ముగిశాక మెల్లగా వేడెక్కించాలి. బృహద్ధమని మీద చేసే కొన్ని పెద్ద ఆపరేషన్లలో ఒంటి ఉష్ణోగ్రతను 18–20 డిగ్రీల సెల్సియస్ దాకా కూడా దించుతారు. ఈ చల్లదనాన్నీ వేడినీ అందించే పెట్టె పేరు హీటర్-కూలర్ యూనిట్. దాని లోపల నీళ్ల ట్యాంకులు, పంపులు, ఒక ఫ్యాను ఉంటాయి. ట్యాంకులోని నీళ్లు గొట్టాల గుండా, రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే భాగమైన ఆక్సిజనేటర్ దాకా వెళ్లి తిరిగొస్తాయి. అక్కడ ఒక పక్క నీళ్లు, మరో పక్క రక్తం, మధ్యలో పలచటి గోడ. వేడి మాత్రమే ఆ గోడ దాటుతుంది.

చిక్కు ట్యాంకు దగ్గర ఉంది. చాలా మోడళ్లలో ట్యాంకు గాలి చొరబడనంత బిగుతుగా మూసి ఉండదు. పంపు తిరుగుతుంటే నీళ్లలో బుడగలు లేస్తాయి, పైకొచ్చి పగులుతాయి, పగిలినప్పుడల్లా కంటికి కనబడని తుంపర లేస్తుంది. యంత్రం వేడెక్కకుండా పెట్టిన ఫ్యాను ఆ తుంపరను గదిలోకి ఊదుతుంది. అందులోని నీరు క్షణాల్లో ఆరిపోతుంది, సూక్ష్మజీవి ఉన్న చిన్న రేణువు మిగులుతుంది. అది గాలిలో చాలాసేపు తేలి, తెరిచి ఉన్న ఛాతీ మీదో, అమర్చడానికి సిద్ధంగా పెట్టిన కృత్రిమ వాల్వ్ మీదో వాలవచ్చు. పొగ వదిలి చేసిన పరీక్షల్లో, యంత్రం ఫ్యాను నుంచి వచ్చిన గాలి పైనుంచి దిగే శుభ్రమైన గాలి ప్రవాహాన్ని సైతం చెదరగొట్టి ఆపరేషన్ బల్ల దాకా చేరడం కనిపించింది.

ఆ సూక్ష్మజీవి పేరు మైకోబాక్టీరియం కైమెరా. క్షయ క్రిమికి దూరపు చుట్టం. 2004లో దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించారు. మట్టిలో, కుళాయి నీళ్లలో ఉంటుంది. తాగినా స్నానం చేసినా ఆరోగ్యవంతులకు సాధారణంగా ఏమీ కాదు. దీని గోడ మైనంలాంటి కొవ్వుతో చేసింది. అందుకే క్లోరిన్‌కి త్వరగా లొంగదు. నీటికి అంటకుండా పైతట్టుకి చేరుతుంది కాబట్టి, బుడగ పగిలినప్పుడు తుంపరలోకి ఎక్కువగా ఎగిరేదీ ఇదే.

ఇక వాయిదా సంగతి. దెబ్బతిన్న మైట్రల్ వాల్వ్‌ను అలాగే వదిలేస్తే అమ్మగారికి కలిగే ముప్పు ఈ ఇన్‌ఫెక్షన్ ముప్పుకంటే ఎన్నో రెట్లు పెద్దది. ఈ భయంతో ఆపరేషన్ ఆపకండి. ఆసుపత్రిని ఏమడగాలో చివర్లో రాశాం.

ప్రశ్న: ఈ సంగతి ఎప్పుడు బయటపడింది? అవకాశం ఎంత?

జవాబు: మొదట స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో. వాల్వ్ ఆపరేషన్లయి నెలలూ ఏళ్లూ గడిచిన రోగుల్లో ఈ అరుదైన క్రిమి కనబడటంతో అక్కడి వైద్యులు మూలం కోసం వెతుకుతూ హీటర్-కూలర్ ట్యాంకుల దగ్గర ఆగారు. ఆ పరిశోధన 2015లో అచ్చయింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక ఇచ్చింది. సరిగ్గా ఏడాదికి, 2016 అక్టోబరులో, అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ దేశమంతటి ఆసుపత్రులనూ అప్రమత్తం చేసింది. వేర్వేరు దేశాల రోగుల నుంచి, యంత్రాల నుంచి తీసిన క్రిముల జన్యుక్రమాలను పోల్చి చూస్తే అవి ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్నాయి. జర్మనీలో తయారైన స్టాకర్ట్ 3టీ అనే మోడల్ చాలావరకు తయారీ చోటే కలుషితమై ఉండాలని దాన్నిబట్టి తేల్చారు. అయితే మిగతా మోడళ్లలో నీళ్లు నిల్వ ఉండవా? ఉంటాయి. వాడుకలోకి వచ్చాక స్థానిక నీటి నుంచి క్రిమి చేరితే ఏ కంపెనీ ట్యాంకైనా ఒకటే.

అవకాశం గురించి సీడీసీ చెప్పిన లెక్క ఇది: ఒక్క కేసైనా బయటపడిన ఆసుపత్రుల్లో, ఆపరేషన్ అయినవాళ్లలో 100 మందిలో ఒకరి నుంచి 1,000 మందిలో ఒకరి దాకా. కేసే లేని చోట ఇంకా తక్కువ. కృత్రిమ వాల్వ్, గ్రాఫ్ట్ (కృత్రిమ రక్తనాళపు ముక్క) వంటి బయటి వస్తువు అమర్చినవాళ్లకు ముప్పు ఎక్కువ, రక్తనాళాలకు బైపాస్ మాత్రమే చేయించుకున్నవాళ్లకు తక్కువ. సంఖ్య చిన్నదే. కానీ సోకినవాళ్లలో దాదాపు సగం మంది చనిపోయినట్టు వైద్య నివేదికలు చెబుతున్నాయి. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదనడానికి అది చాలు.

ప్రశ్న: నాకు స్టెంట్ వేశారు. నేను కూడా భయపడాలా?

జవాబు: అక్కర్లేదు. స్టెంట్ వేసేటప్పుడు ఛాతీ తెరవరు, హార్ట్-లంగ్ మెషిన్ వాడరు, కాబట్టి హీటర్-కూలర్ పని ఉండదు. తొడ దగ్గరి రక్తనాళం గుండా వాల్వ్ అమర్చే పద్ధతిలోనూ మామూలుగా అంతే.

ప్రశ్న: మా నాన్నగారికి రెండున్నరేళ్ల క్రితం అయోర్టిక్ వాల్వ్ మార్చారు. మూడు నెలలుగా సాయంత్రాలు జ్వరం, రాత్రిళ్లు చెమటలు. తొమ్మిది కిలోలు తగ్గారు. రెండుసార్లు రక్తం కల్చర్‌కి (క్రిములను పెంచి చూసే పరీక్షకి) పంపితే ఏమీ పెరగలేదన్నారు. స్కాన్‌లో ప్లీహం పెద్దదైంది. ఇప్పుడు సార్కాయిడోసిస్ (క్రిమి లేకుండానే ఒంట్లో చిన్న గడ్డలు కట్టే జబ్బు) అని స్టెరాయిడ్లు మొదలుపెడదామంటున్నారు. మొదలుపెట్టమంటారా?

జవాబు: ఆ మాత్రలు మొదలుపెట్టకముందే, వీలైతే రేపే, వాల్వ్ ఆపరేషన్ సంగతి గుర్తుచేసి మైకోబాక్టీరియా కోసం పరీక్షలు చేయించమని ఆయన డాక్టర్ గారిని అడగండి. ఇదే ఇన్‌ఫెక్షన్ అని మేం చెప్పడం లేదు. కానీ మీరు రాసిన లక్షణాలన్నీ దాన్ని వెతకాల్సిన లక్షణాలే.

ఈ క్రిమి మహా నెమ్మదిగా పెరుగుతుంది. ఆపరేషన్‌కీ లక్షణాలకీ మధ్య కొన్ని నెలల నుంచి ఐదారేళ్ల దాకా ఎడం ఉంటుంది. సగటున సుమారు ఏడాదిన్నర. అప్పటికి కోత మానిపోయి, మనిషి పనిలో పడి, ఆపరేషన్ ఒక పాత సంగతి అయిపోతుంది. జ్వరం వచ్చి కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు దాన్ని ఎవరూ ప్రస్తావించరు. వ్యాధి దొరక్కపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

రెండో కారణం కల్చర్. మామూలు రక్త కల్చర్ సీసాలను లేబొరేటరీలో 5 రోజులు ఉంచి, ఏమీ పెరగకపోతే పారేస్తారు. కైమెరాకి ఆ 5 రోజులు చాలవు. మైకోబాక్టీరియా కోసం ప్రత్యేకంగా చేసిన సీసాల్లో, వేర్వేరు వేళల్లో, కనీసం మూడుసార్లు రక్తం తీసి, 6 నుంచి 8 వారాలు పెంచాలి. డాక్టర్ గారు చీటీ మీద 'మైకోబాక్టీరియల్ బ్లడ్ కల్చర్' అని విడిగా రాయకపోతే లేబొరేటరీ ఆ పని చేయదు. క్రిమి పెరిగాక కూడా మామూలు కిట్లు దాన్ని దగ్గరి చుట్టమైన మైకోబాక్టీరియం ఇంట్రాసెల్యులేర్‌గా చూపించవచ్చు. కచ్చితమైన పేరు కావాలంటే జన్యుక్రమం చూడాలి.

మూడో కారణం, మీ నాన్నగారి విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది: కాలేయం, ఎముక మజ్జ, కిడ్నీల్లో ఈ క్రిమి కలిగించే గడ్డలు సూక్ష్మదర్శినిలో సార్కాయిడోసిస్ గడ్డల్లాగే కనిపిస్తాయి. అది అనుకుని స్టెరాయిడ్లు ఇస్తే జ్వరం కొన్నాళ్లు తగ్గి, బాగుపడుతున్నట్టే అనిపిస్తుంది. ఆ వేళలో రోగనిరోధక శక్తి తగ్గి క్రిమి ఒళ్లంతా పాకుతుంది. సార్కాయిడోసిస్ అనుకుని స్టెరాయిడ్లు ఇచ్చాక అసలు సంగతి తేలిన రోగుల గురించి వైద్య పత్రికల్లో ఒకటికి రెండుసార్లు వచ్చింది. బయాప్సీ ముక్క ఇంకా ఉంటే దాన్ని మైకోబాక్టీరియాను చూపే ఆసిడ్-ఫాస్ట్ రంగుతో పరీక్షించమనండి. మళ్లీ ముక్క తీయాల్సివస్తే, మొత్తం ఫార్మలిన్‌లో వేసేయకుండా కొంత భాగాన్ని కల్చర్‌కి విడిగా ఉంచాలి. ఫార్మలిన్‌లో పడిన ముక్కలో క్రిమి చచ్చిపోతుంది, ఇక పెరగదు.

ఇంకో రెండు చేయించండి. కంటి డాక్టర్ చేత కంటిపాప పెద్దది చేయించి కంటి వెనక పొర చూపించండి; అక్కడి రక్తనాళాల పొర కోరాయిడ్‌లో పసుపు-తెలుపు మచ్చలు ఈ వ్యాధిలో తరచు కనబడతాయి, కంటిచూపు బాగానే ఉన్నా సరే. అన్నవాహిక గుండా చేసే ఎకోలో (గుండె అల్ట్రాసౌండ్‌లో) వాల్వ్‌ని చూడాలి. అయితే ఎకో మామూలుగా ఉన్నంత మాత్రాన వ్యాధి లేదని అర్థం కాదు.

వ్యాధి ఇదే అని తేలితే చికిత్స ఏడాది దాటి సాగుతుంది: అజిత్రోమైసిన్ లేదా క్లారిత్రోమైసిన్, ఇథాంబుటాల్, రిఫాంపిసిన్ లేదా రిఫాబ్యూటిన్, మొదటి కొన్ని వారాలు నరంలోకి అమికాసిన్. వీటికి తోడు, ఇన్‌ఫెక్షన్ పట్టిన వాల్వ్‌ను తీసి కొత్తది వేయాల్సిన అవసరం చాలామందికి పడుతుంది. రిఫాంపిసిన్ రక్తం పలచబరిచే వార్‌ఫారిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది కాబట్టి, వార్‌ఫారిన్ వాడుతున్నవాళ్లు రక్తం గడ్డకట్టే వేగం చూపే ఐఎన్ఆర్ పరీక్ష తరచుగా చేయించుకోవాలి. ఇథాంబుటాల్ మొదలయ్యాక రంగుల చూపు, అమికాసిన్ మొదలయ్యాక వినికిడి, కిడ్నీలు గమనించాలి.

ప్రశ్న: పై జబ్బు ఉన్న మనిషితో ఒకే ఇంట్లో ఉంటే పిల్లలకి అంటుతుందా?

జవాబు: అంటదు. క్షయలా మనిషి నుంచి మనిషికి పాకదు. గిన్నెలు, పక్కలు వేరుచేయడం అవసరం లేదు, ఆయన మనసు నొప్పించడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ప్రశ్న: నేను పర్ఫ్యూజన్ (హార్ట్-లంగ్ మెషిన్ నడిపే పని) శిక్షణలో ఉన్నాను. మా దగ్గర హీటర్-కూలర్‌లో రోజూ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తాం. అది చాలుతుందా? నీటి కల్చర్ నెగెటివ్ వస్తే యంత్రం శుభ్రంగా ఉన్నట్టేనా?

జవాబు: రెండు ప్రశ్నలకీ 'లేదు' అనే చెప్పాలి.

పెరాక్సైడ్ ట్యాంకులో తేలే క్రిములను అదుపు చేస్తుంది. కానీ క్రిములు ఎక్కువగా ఉండేది తేలుతూ కాదు, గొట్టాల లోపలి గోడకు అంటుకున్న జిగురు పొరలో, అంటే బయోఫిల్మ్‌లో. ఆ పొరలోని క్రిములు కేటలేజ్ అనే ఎంజైముతో పెరాక్సైడ్‌ను విరగ్గొట్టి నీళ్లూ ఆక్సిజనూ చేసేస్తాయి. ఆ పొర ఒకసారి గట్టిపడిందంటే, గట్టి క్రిమినాశకాలతో కడిగినా కొన్ని వారాల్లో మళ్లీ క్రిములు కనబడతాయి. అందువల్ల అసలు శ్రమంతా పొర ఏర్పడకుండా చూడటం మీదే పెట్టాలి.

నీళ్ల దగ్గర మొదలుపెట్టండి. కుళాయి నీళ్లు ఎప్పుడూ పోయవద్దు. శుద్ధి చేసిన స్టెరైల్ నీళ్లు, లేదా 0.22 మైక్రాన్ల ఫిల్టర్ దాటించిన నీళ్లు. ఆర్వో నీళ్లు, డీఅయనైజ్డ్ నీళ్లు మంచివనుకుని పోస్తుంటారు. తయారీదారు ఒప్పుకుంటే తప్ప అవి లోపలి లోహ భాగాలను తినేస్తాయి. తుప్పు గరుకుల్లో పొర ఇంకా తేలిగ్గా పడుతుంది. చల్లబరచడానికి ఐస్ వేసే పద్ధతి ఉంటే ఆ ఐస్ కూడా ఫిల్టర్ నీళ్లతో చేసిందే అయ్యుండాలి. ఫిల్టర్ నీళ్లు పోసి, పైన కుళాయి నీటి ఐస్ వేయడం చాలాచోట్ల జరిగే తప్పు.

నీళ్లు పూర్తిగా మార్చే గడువు, పెరాక్సైడ్ మోతాదు, పెరాసిటిక్ ఆసిడ్‌తో మొత్తం సర్క్యూట్‌ను కడిగే గడువు మీ మోడల్ పుస్తకంలో ఉంటాయి. కొన్ని మోడళ్లకు కడగడం 14 రోజులకొకసారి. ఎప్పటి పుస్తకం చూస్తున్నారో గమనించండి. 2015 తర్వాత తయారీదారులు ఈ సూచనలను మార్చారు. పాత కాపీ గోడకి అంటించుకుని దాన్నే పాటిస్తున్నచోట ఎంత శ్రద్ధగా పనిచేసినా ఫలితం ఉండదు. కడిగేటప్పుడు గొట్టాలు, కనెక్టర్లు, రోగి ఒంటి వేడి సర్దే నీళ్ల దుప్పటికి వెళ్లే లైను కూడా కలిపి తిప్పాలి. ట్యాంకు ఒక్కదాన్నే కడిగి, మళ్లీ ఆ పాత గొట్టాలే తగిలిస్తే క్రిమి ఆ గంటే తిరిగొస్తుంది. కడిగాక పుస్తకం చెప్పినన్నిసార్లు ఫిల్టర్ నీళ్లతో జాడించాలి. ఇక్కడ కుళాయి పైపు పెట్టేస్తే అంత పనీ వృథా. గొట్టం లోపల రంగు మారినా, నీరు మసకబారినా యంత్రాన్ని వాడకం నుంచి తీసేయండి, 'ఈ ఒక్క కేసు చూద్దాం' అనుకోవద్దు.

ఇక కల్చర్. ఫలితానికే 6 నుంచి 8 వారాలు పడుతుంది, ఈలోగా ఎంతమందికి ఆపరేషన్ అయిపోతుందో లెక్కపెట్టండి. శాంపిల్‌లో పెరాక్సైడ్ మిగిలిఉంటే క్రిమి పెరగదు. వేగంగా పెరిగే ఇతర బాక్టీరియా ప్లేటును ఆక్రమిస్తే కైమెరా కనబడదు. నెగెటివ్ వచ్చిందంటే ఆ సీసాలో ఆ రోజు దొరకలేదని మాత్రమే అర్థం. అందుకే ఎఫ్‌డీఏ కూడా నీటి పరీక్ష మీద ఆధారపడవద్దంది.

నీరు ఎంత శుభ్రంగా ఉన్నా, యంత్రం గాలి రోగి మీదికి రాకుండా చూడటమే అసలైన రక్షణ. అన్నిటికన్నా మేలు యంత్రాన్ని థియేటర్ బయట పెట్టి, గోడలో చేసిన రంధ్రం గుండా గొట్టాలు లోపలికి తేవడం. రంధ్రం చుట్టూ సందు లేకుండా మూయాలి; తలుపు ఓరగా తెరిచి గొట్టాలు దూర్చితే థియేటర్‌లోని గాలి పీడనం పడిపోతుంది, అది వేరే ప్రమాదం. యంత్రం ఉన్న గదిలో పీడనం థియేటర్‌లోకన్నా తక్కువ ఉండాలి. గొట్టం పొడవు పెరిగితే ప్రవాహం తగ్గి, చల్లబరచడానికీ వేడెక్కించడానికీ ఎక్కువ సమయం పడుతుంది కాబట్టి ముందే కొలిచి చూసుకోండి. బయట పెట్టే వీల్లేకపోతే, బల్లకి వీలైనంత దూరంగా, ఫ్యాను నోరు రోగికి ఎదురు దిక్కున, గాలి బయటికి లాగే గ్రిల్ వైపు తిప్పి పెట్టండి. యంత్రం మీద గుడ్డ కప్పడం రక్షణ కాదు. ఫ్యాను మూసుకుపోయి యంత్రం వేడెక్కుతుంది, గాలి పక్కల నుంచి వస్తూనే ఉంటుంది.

ఒక చిన్న అలవాటు మాత్రం ఈరోజే మొదలుపెట్టండి. ప్రతి కేసు రికార్డులో ఆ రోజు వాడిన హీటర్-కూలర్ సీరియల్ నంబరు రాయండి. మూడేళ్ల తర్వాత ఒకరికి జబ్బు తేలితే, ఆ యంత్రంతో ఆపరేషన్ అయిన మిగతావాళ్లను పిలవడానికి ఆ నంబరు ఒక్కటే ఆధారం.

ప్రశ్న: థియేటర్ నర్సుని. నీళ్ల యంత్రం సంగతి అలా ఉంచితే, పరికరాల్లో దేన్ని ఎక్కువ జాగ్రత్తగా చూడాలి?

జవాబు: అన్నవాహికలోకి దించే ఎకో ప్రోబ్‌ని. కత్తులు, ఫోర్సెప్స్ ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లోకి వెళ్తాయి. ప్రోబ్ ఆ వేడి తట్టుకోలేదు, చేతితోనే శుభ్రం చేయాలి, కాబట్టి తప్పులకు చోటెక్కువ. బయటికి తీయగానే తుడవండి, ఆరనివ్వవద్దు. ఎంజైము డిటర్జెంట్‌తో కడిగాకే క్రిమినాశకం: ఉదాహరణకి 0.55 శాతం ఆర్థోథాలాల్డిహైడ్‌లో 20 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు, ముందుగా టెస్ట్ స్ట్రిప్‌తో ద్రావణం బలం చూసి. తర్వాత ప్రతిసారీ కొత్త నీళ్లతో మూడుసార్లు జాడించాలి. సరిగ్గా జాడించకపోతే మిగిలిన మందు రోగి నోటినీ అన్నవాహికనూ కాలుస్తుంది. పంటి గాటు వల్ల పైతొడుగు చీలితే ఆ చీలికలోకి ఏ మందూ వెళ్లదు, అలాంటి ప్రోబ్‌ని మరమ్మతుకి పంపాల్సిందే. ముంచని పిడి భాగాన్ని మరిచిపోతుంటారు, దాన్ని విడిగా తుడవండి.

ఆటోక్లేవ్ విషయంలో ఒక్క మాట: ఎండిన రక్తం కింద ఉన్న క్రిమికి 134 డిగ్రీల ఆవిరి సరిగా అందదు. సక్షన్ కొన, రంపం కీళ్లు బ్రష్‌తో శుభ్రం కాకుండా ప్యాక్‌లోకి వెళ్లకూడదు. తడిగా బయటికొచ్చిన ప్యాక్‌ను వాడకండి, గుడ్డ తడిస్తే బయటి క్రిములు లోపలికి దారి చేసుకుంటాయి. ఆక్సిజనేటర్, దాని గొట్టాలు ఒక్కసారి వాడి పారేయాల్సినవి, వాటిని మళ్లీ శుభ్రం చేసే పద్ధతి ఏదీ లేదు.

ప్రశ్న: ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రిని ఏమడగాలి? మా వైపు నుంచి చేయగలిగింది ఏమిటి?

జవాబు: మూడు అడగండి. హీటర్-కూలర్ థియేటర్ లోపల ఉంటుందా, బయటా? అందులో ఏ నీళ్లు పోస్తారు, ఎన్నాళ్లకొకసారి కడుగుతారు? నా రికార్డులో దాని నంబరు రాస్తారా? ఈ ప్రశ్నలు ఎవరినీ తప్పుపట్టడం కాదు. బాగా పనిచేసే పర్ఫ్యూజనిస్ట్ వీటికి సంతోషంగానే జవాబిస్తారు.

గుండె ఆపరేషన్ తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షన్లలో ఎక్కువ భాగం నీళ్ల యంత్రం వల్ల కాదు, మన చర్మం మీదా ముక్కులోనూ ఉండే స్టెఫిలోకాకస్ లాంటి క్రిముల వల్ల. ముక్కు స్వాబ్‌లో అది ఉన్నట్టు తేలితే ముపిరోసిన్ లేపనం రోజుకి రెండుసార్లు 5 రోజులు రాస్తారు. ముందురోజు రాత్రి ఛాతీ మీది వెంట్రుకలు రేజర్‌తో గీయించుకోకండి, చర్మం మీద పడే సన్నటి గాట్లలో క్రిములు చేరతాయి. అవసరమైతే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు. షుగరు ఉంటే అదుపులోకి తెచ్చుకోండి, పొగతాగడం మానండి.

డిశ్చార్జి కాగితాలు జాగ్రత్తగా దాచుకోండి. ఏ తేదీన, ఏ ఆపరేషన్, ఏ వాల్వ్ అన్నది ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఏ లక్షణమూ లేనివాళ్లు ముందస్తుగా పరీక్షలు చేయించుకోనక్కర్లేదు, అలాంటి పరీక్ష లేదు కూడా. కానీ రెండు వారాలు దాటిన జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, నీరసం, ఆయాసం, ఇవి ఐదేళ్ల తర్వాత వచ్చినా సరే, డాక్టర్ ముందు కూర్చోగానే జ్వరం సంగతి కన్నా ముందు ఆ చీటీ చూపించండి.